కాలువ పడవయు, పడవ పందెమును



సంక్రాంతి దినములలోను, తిరునాళ్లలోను మన మండలములందు జరుగు బండలాగుడు పందెములను గూర్చి మీకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఒంగోలు గిత్తకు దుక్కిలో పని తఱిగినది. లారి వచ్చిన పిమ్మట బండి తోలుటకును దాని అక్కఱ తఱిగినది. అయినను మేలుజాతి గిత్తలను లక్షలు పోసి కొని, వానికి ఉలవలు వండిపెట్టి, కన్నబిడ్డలవలె పెంచు రైతులు నేటికిని ఉన్నారు. పందెము లేకున్నచో ఇంతటి శ్రమకు ఎవ్వరు పూనుకొందురు? పని పోయిన పశువును పందెము నిలిపినది. ఈ న్యాయము పడవకును చెల్లునా యనునదియే నేటి నా ప్రసంగ విషయము.

నేను నివసించు గవర్నరుపేటకు ఒక దెస బందరు కాలువయు, మఱియొక దెస ఏలూరు కాలువ, రైవసు కాలువలును పాఱుచున్నవి. ఈ కాలువలలో ఒకనాడు తెఱచాప లెత్తిన సరకు పడవలు వరుసగా సాగెడివి. నేడు ఆ నీరు పొలములకు పోవుచున్నది కాని, దానిపై ధాన్యపు పడవ కానరాదు. ఆ పడవ ఎట్టిదో, ఎట్లు నడచినదో, ఎందుకు పోయినదో ముందుగా చెప్పి, తరువాత పందెము మాటకు వచ్చెదను.

మన ప్రాంతపు పడవలలో అన్నిటికంటె సాదా యైనది దోనె. దోనె యనగా తొలిచిన మ్రాను. కొల్లేటి ప్రాంతమునను, డెల్టా పల్లెలలోను దీనిని తాటిమ్రానితో చేయుదురు. తాటిచెట్టు లోపల మెత్తనిది, వెలుపల గట్టిచేవ గలది. లోపలి మెత్తని భాగమును తొలిచివేసినచో చేవ మిగిలి పొడుగైన తొట్టివలె నగును. ఇట్టి దోనె సన్నని నీటిదారిలో, తుంగల నడుమ సుళువుగా పోవును. కాని వెడల్పు చాలనందున త్వరగా ఒరుగును. అందుచేత రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి, అడ్డుకఱ్ఱలు వైచి కట్టుట పూర్వపు ఉపాయము. దీనికి సంగడము అని పేరు. జతగా నుండు స్నేహితుని సంగడికాడు అనుచున్నాము గదా! ఆ మాటలోని సంగడియు ఈ జతయే.

ఈ ఉపాయము మిక్కిలి పాతది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో ఒక వర్తకుడు వ్రాసిన పెరిప్లసు అను గ్రంథమున మన తూర్పుతీరపు నావలు ప్రస్తావింపబడినవి. ఒంటిమ్రాను దుంగలను జతగా బంధించి చేసిన పెద్ద నావలను అతడు సంగర యని పేర్కొనెను. మన సంగడము, మలయాళుల చంగాడము ఈ మాటకు చుట్టములని తలచిన పండితులు కలరు. ఆ గ్రంథముననే మచిలీపట్టణ ప్రాంతము మసాలియా అను పేర కనబడును. అచటి నూలుబట్టలను అతడు పొగడెను. పిమ్మట రెండవ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణెములపై రెండు కంబముల ఓడ బొమ్మ యున్నది. రాజు తన నాణెముపై ఓడను ముద్రించెననగా ఆనాటి ఆంధ్రదేశమునకు నావ యెంతటి ముఖ్యమైనదో ఊహింపవచ్చును.

సముద్రతీరమున వేఱొక విధమైన పడవ పుట్టినది. దానికి మసూలా పడవ యని పేరు. మచిలీపట్టణమును బట్టియే ఆ పేరు వచ్చెనని పలువు రందురు. మన తీరమున ఓడలు ఒడ్డునకు రాజాలవు. దూరమున లంగరు వేయవలెను. ఓడకును ఒడ్డునకును నడుమ కెరటములు విఱిగిపడుచుండును. గట్టిగా మేకులు కొట్టిన పడవ అచట ఇసుకకు తగిలినచో పగులును. అందుచేత మన పనివాండ్రు పలకలకు అంచుల వెంబడి రంధ్రములు చేసి, కొబ్బరి పీచు త్రాళ్లతో బట్ట కుట్టినట్లు కుట్టిరి. లోపల అడ్డుకమ్ములు లేవు. కెరటము కొట్టినపుడు పడవ కొంచెము వంగును, మఱల సాగును, పగులదు. చెన్నపట్నమున రేవు కట్టక పూర్వము సీమనుండి వచ్చిన దొరలును, సరకులును ఈ పడవలమీదనే ఒడ్డు చేరిరి. భోజరాజు పేర నున్న యుక్తికల్పతరువను గ్రంథమున సముద్రనావలకు ఇనుము వాడరాదనియు, సముద్రములోని అయస్కాంత శిలలు ఆ నావల నాకర్షించుననియు చెప్పబడినది. అయస్కాంతము మాట ఎట్లున్నను, త్రాటితో కుట్టిన పడవ కెరటమునకు లొంగి బ్రదుకుననుట తీరవాసులకు అనుభవమున తెలిసిన సత్యము.

ఇక కాలువ పడవ. కృష్ణపై విజయవాడకును సీతానగరమునకును నడుమ మొదటి ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. ఆర్థరు కాటను దొర ఆలోచనకు కెప్టెను ఛార్లెసు ఆర్ రూపము కల్పించెను. ఆనకట్టనుండి తీసిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక, పడవలకు బాటలుగా కూడ నేర్పడినవి. కాకినాడలో బయలుదేఱిన పడవ ధవళేశ్వరము వద్ద గోదావరి దాటి, విజ్జేశ్వరమునుండి నిడదవోలు, ఏలూరుల మీదుగా విజయవాడ చేరును. ఇచట కృష్ణ దాటి, దుగ్గిరాల దారిని కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, పెదగంజాము వద్ద బకింగుహాము కాలువ నందుకొని, చెన్నపట్నము పోవును. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113, పెదగంజామునుండి చెన్నపట్నము వఱకు 316. అన్నియు కలిపిన 600 కిలోమీటర్లకు మించిన నీటిబాట! ఇందు బకింగుహాము కాలువకు 1806లోనే చెన్నపట్నము దగ్గఱ మొదలు పడినది. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ఘోరక్షామమున, కూలికై వచ్చిన ఆకలిజనుల చేతులతో దానిలో కొంతభాగము త్రవ్వబడినది.

కాలువలో నేల పల్లమగు చోట్ల లాకులు కట్టిరి. లాకు అనగా ముందు వెనుకలు తలుపులు గల రాతితొట్టి. పల్లమునుండి వచ్చు పడవ తొట్టిలో ప్రవేశించిన తరువాత వెనుక తలుపులు మూసి, పైనీటిని విడుతురు. తొట్టి నిండినకొలది పడవ తానే పైకి లేచును. పైనీటితో సమమైనపుడు ముందు తలుపులు తెఱతురు. దిగునపుడు దీనికి విపర్యయము. తొట్టిలో పట్టినన్ని పడవలే ఒక్కమాఱు దాటగలవు గనుక, ముందు చేరినవానికి ముందు దారి దొరకును. అందువలన వేగము పడవవానికి వినోదము కాక, కూలిడబ్బుల లెక్కయై యుండెను.

ఈ పడవ అడుగు చదరముగా, లోతు తక్కువగా నుండును. కాలువలో నీరు లోతు లేకున్నను నడువవలెను గదా. పలకల సందులలో నార కూరి, గుగ్గిలము నూనెతో కాచి పూయుదురు. గాలి అనుకూలించినపుడు తెఱచాప ఎత్తుదురు. వంతెన వచ్చినపుడు కంబమును క్రిందికి వాల్తురు. గాలి లేనపుడు ఇద్దఱు ముగ్గురు గట్టుపై నడచుచు త్రాడు లాగుదురు. ఒకడు చుక్కాని పట్టును. మఱియొకడు గడ వేయును. బండిమీద పలుజతల ఎడ్లు లాగవలసిన బరువును నీటిమీద కొలదిమంది మనుష్యులు లాగగలరు. ఉప్పు, ధాన్యము, వంటచెఱకు, పొగాకు ఈ విధముగా నడచినవి.

ఈ పడవ ఎందుకు పోయినది? 1899 నాటికి విజయవాడనుండి చెన్నపట్నమునకు రైలు నడచినది. దూరపు సరకు రైలెక్కినది. తరువాత లారి వచ్చి దగ్గఱ సరకును కూడ గడపలోనికే చేర్చినది. తుపానులు బకింగుహాము కాలువ గట్లను తెంచినవి, పూడిక పెరిగినది. 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చి డెల్టాకు నీటిభద్రత కలిగించినది కాని, అప్పటికే పడవ బేరము సన్నగిల్లినది. 2008లో ఈ కాలువలతో కూడిన మార్గమును ప్రభుత్వము 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినను, పాతపడవలు మఱల రాలేదు. ఇందు ఎవ్వరి దోషమును లేదు. పని యున్నంతకాలము పడవ యున్నది. పని పోగానే దానిని విఱిచి వంటచెఱకు చేసికొనిరి. మనము విచారింపవలసినది, పడవతోపాటు పోయిన విద్యను గూర్చి. ఏ మ్రాను ఏ భాగమునకు తగును, పలకను ఎట్లు వంచవలెను, గాలి ప్రక్కనుండి వచ్చిన తెఱచాపను ఎట్లు త్రిప్పవలెను అను విషయములు పుస్తకములకు ఎక్కక, చేతులలో నిలిచిన విద్యలు. ఆ చేతులు పోయిన అవియు పోవును.

ఇట్లే పని పోయిన పడవలు అన్నిచోట్లను నశించెనా యని చూచిన, నశింపని చోట్లు రెండు కనబడుచున్నవి. ఒకటి మన పొరుగున నున్న కేరళము. అచటి చుండన్ వళ్ళము పూర్వము చెంబకశ్శేరి రాజుల యుద్ధనావ యని ప్రసిద్ధి. నూఱడుగులకు మించిన పొడవు, పడగ ఎత్తిన పామువలె లేచిన వెనుకభాగము గల ఈ నావను అంజిలి మ్రానితో చేయుదురు. నూఱుమందికి పైగా కూర్చుండి, పాటకు సరిగా తెడ్లు వేయుదురు. ఇంత పొడుగేల యందురా? పడవ నీటిని చీల్చునపుడు ముందొక అల, వెనుకొక అల లేచును. ఆ రెండలల నడిమి దూరము పడవ పొడవును బట్టి యుండును; ఆ దూరము పెరిగినకొలది వేగమును పెరుగుటకు వీలగును. భోజుని గ్రంథమున దీర్ఘ యని ఒక నావాజాతి చెప్పబడినది. పొడుగు నావల ప్రత్యేకతను మన పూర్వులును గుర్తించిరనుటకు ఇది నిదర్శనము.

రాజులు పోయిరి, యుద్ధములు పోయినవి, కాని ఆ నావ పోలేదు. ఆరన్ముళలో దేవుని ఉత్సవమునకు అది నేటికిని నీట దిగుచున్నది. 1952 డిసెంబరులో ప్రధాని జవహరులాలు నెహ్రూ ఆలప్పుళ వచ్చినపుడు ఆయన గౌరవార్థము పందెము జరిపిరి. ఆయన సంతోషము పట్టజాలక గెలిచిన పడవలోనికి ఎక్కెను. పిదప వెండితో చేసిన చిన్ని నావను బహుమానముగా పంపెను. పున్నమడ సరస్సుపై నేటికిని ఆ బహుమానమునకై పందెము జరుగుచున్నది. అచట పడవ ఒక ధనికుని సొత్తు కాక గ్రామపు సొత్తై యుండుట తఱచు. ఊరివారు చందాలు వేసికొని మ్రాను కొందురు, వడ్రంగిని పిలుతురు, పడవకు పాక వేయుదురు. గెలిచిన ఊరికి ఏడాదిపాటు అదియే కీర్తి.

రెండవ చోటు మిక్కిలి దూరమైనది. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున ఛెసాపీకు అను ఉప్పునీటి కయ్య కలదు. అచటి ఆదిమవాసులు మనవలెనే మ్రానులు తొలిచి దోనెలు చేసికొనిరి. తరువాత వచ్చిన తెల్లవారు మూడేసి, అయిదేసి దుంగలను అంచులు కూర్చి ఒక్క పడవగా చెక్కిరి. మన సంగడమును తలపించు ఉపాయమే యిది! ఆ పడవలకు తెఱచాపలు కట్టి, వానిపై ఆయిస్టరు అను చిప్పలను పట్టుచుండిరి. పెద్దపడవలు వచ్చి ఆ పని పోయినది. కాని పందొమ్మిదవ శతాబ్దమునుండియు అచటివారు వానితో పందెము వేయుట మఱగిరి. ఆ శతాబ్దము చివర చెక్కిన పడవలు నేటికిని ఎండకాలమున పందెమునకు దిగుచున్నవి. 1985లో వానిలో పలు పడవలను జాతీయ చారిత్రక సంపదల పట్టికలో చేర్చిరి.

ఆ పందెము చూడదగినది. సన్నని పడవపై దాని బరువుకు మించిన తెఱచాపలు కట్టుదురు. గాలి కొట్టగనే పడవ ఒక ప్రక్కకు ఒరుగును. దానిని నిలువబెట్టుటకు పొడుగైన పలకలను అడ్డముగా దూర్చి, మనుష్యులు ఆ పలకలమీదుగా ప్రాకి నీటిపైకి పోయి కూర్చుందురు. త్రాసులో ఒక తట్ట దిగినపుడు రెండవ తట్టలో రాయి వేసినట్లన్నమాట. గాలి హెచ్చిన పలక చివరకు జరుగవలెను. తగ్గిన వెంటనే లోనికి రావలెను. క్షణము తప్పిన పడవ బోల్తాపడును. తఱచు పడుచునే యుండును. తడిసినవారు నవ్వుచు మఱల ఎక్కుచునే యుందురు.

పందెము పడవను ఎట్లు నిలుపును? ఏటికొకమాఱు పడవ నీట దిగవలెను. దిగవలెనన్న అంతకుముందు నెలలో మరమ్మతు కావలెను. మరమ్మతునకు వడ్రంగి కావలెను. వడ్రంగి ముసలివాడైన వానికి శిష్యుడు కావలెను. పడవను ప్రదర్శనశాలలో పెట్టిన ఈ గొలుసు తెగును. అంతేకాక ఆరిన పలకలు కుంచించుకొని సందులు విచ్చును. నీరు త్రాగుచున్న పడవయే బిగువుగా నుండును. అయితే పందెమువలన ఒక నష్టమును కలదు. గెలుపే ధ్యేయమైనపుడు పడవ రూపము మాఱును. నేటి ఛెసాపీకు పందెపు పడవ అంతటి తెఱచాపతో చేపలవేటకు పనికిరాదు. బండలాగు గిత్తయు ప్రతిదినము దుక్కిదున్నుటకు పెంచబడుట లేదు గదా. కాబట్టి పందెమునకు నియమములు ముందుగా వ్రాసికొనుట మంచిది.

మనకు నీటి పండుగ లేకపోలేదు. విజయదశమినాడు కృష్ణలో దుర్గామల్లేశ్వరులను హంసవాహనముపై ఊరేగించు తెప్పోత్సవమును మీరు చూచియే యుందురు. వరద హెచ్చిన సంవత్సరములందు మాత్రము విహారము ఆగును. 2025 సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురమున కేరళ పద్ధతిని అనుసరించి పడవపందెములు జరిపిరి. సంతోషింపదగినదే. కాని పొరుగువారి నావతో ఆడిన పందెము పొరుగువారి నావను నిలుపును. మన దోనెను నిలుపదు.

ఇది కేవలము వినోదమునకై చెప్పు మాట కాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మొదలగు పేటలు మునిగినవి. ఇంటికప్పులపై నిలిచినవారికి పాలు, అన్నము అందించుటకు పడవకై ఊరెల్ల ఎదురుచూచినది. మూడు కాలువల నడుమ, మహానది ఒడ్డున నున్న పట్టణమున పడవ నడుపు తెలిసినవారికై వెదకుకొన వలసివచ్చినది. అంతకు ముందు 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము వద్ద పవిత్రసంగమము చెంత విహారపడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నీటి ప్రక్కన నివసించు జనులకు పడవ మర్యాద తెలియకుండుట ప్రమాదము. ఎందఱు ఎక్కవచ్చును, ఎచట కూర్చుండవలెను, గాలి మాఱిన ఏమి చేయవలెను అనునవి ఇంటింటను తెలిసియుండవలసిన సంగతులు.

కావున పెద్దలారా, మీకు నా మనవి మూడు మాటలు. మొదటిది: మీ ఊరిలో పడవ నడపిన వృద్ధుడు గాని, పడవ చేసిన వడ్రంగి గాని జీవించియున్న ఆయనను పిలిచి కూర్చుండబెట్టి, పడవ భాగముల పేర్లు, కొలతలు బడిపిల్లలచేత వ్రాయింపుడు. రెండవది: పాత దోనె ఏదైన గట్టున పడియున్న పొయ్యిలోనికి పోనీయక పాక వేయింపుడు. మూడవది: వరదలు తగ్గిన కార్తీకమాసమున, అధికారుల అనుమతితో, ఒక చిన్న పందెము పెట్టుడు. పడవ మన దోనెయే కావలెను. తెఱచాపయో, గడయో తప్ప యంత్రము కూడదు. ఈత రానివాడు ఎక్కరాదు; ఎక్కినవాడు లైఫు జాకెట్టు తొడుగుకొనవలెను. ఒడ్డున డబ్బు పందెములు కాయనీయరాదు. గెలిచినవానికి పంచెల చాపు చాలును.

ఒక్క ఊరు మొదలిడిన పొరుగూరు ఊరకుండదు. ఆ పౌరుషము మన పల్లెలలో కొదువలేదు. గిత్తకు మీరు చేసినది దోనెకును చేయుడు. దోనెకు గడ్డియు, ఉలవలును అక్కఱలేదు. ఏటికొకమాఱు నీరును, దానిని నడుపుటకు ఇద్దఱు పడుచువాండ్రును ఉన్న చాలును.